ఒకే తోలులో కోసినవి

ఆదివారం పొద్దున్న హుస్సేన్ బాషా చేసే పనులకి ఒక వరస ఉండేది. ముందు నమాజు, తర్వాత మోతీకి నానబెట్టిన ఉలవలు, ఆ తర్వాతే తనకి టీ. "గుర్రం తిన్నాకే మొగుడికి టీయా?" అని మదీనా బీ దెప్పడం కూడా ఆ వరసలోదే. టీ తాగి, గోడకి కొట్టిన చెక్కమేకు మీంచి జీను దించి, మోతీ వీపున వేసి, పొట్ట కింద పట్టీ బిగించి, పాదాలు పెట్టుకునే రికాబుల పొడవు సరిచూసుకునేవాడు. వాటి పొడవు మార్చేవాళ్ళెవరూ లేరు, అయినా చూసుకునేవాడు. చివర్న చిన్న కత్తి నూరి నడుంలో దోపుకునేవాడు.

విశాఖపట్నం పాతబస్తీలో మార్కెట్టు వెనక సందులో అతని ఇల్లు. ముందుగది చెప్పులూ జీనులూ కుట్టే కొట్టు, వెనక కాపరం, పక్కసందులో మోతీ. తెల్లటి ఆడగుర్రం. మిగతా రోజుల్లో పెళ్ళికొడుకుల్ని మోసి, బ్యాండు మేళం చెవుల్లో మోగుతుంటే అడుగులో అడుగు వేసి నడిచేది. ఆదివారం మాత్రం పరుగెత్తేది.

బాషా కుట్టే తోలు సంగతి ఆ పేటలో అందరికీ తెలుసు. ఒకే తోలులోంచి కోసిన రెండు వస్తువులు ఒకదాన్నొకటి మరిచిపోవు. ఒకటి తడిస్తే రెండోది తడుస్తుంది. ఒకటి ఎండలో ఉంటే రెండోది పెట్టెలో ఉన్నా వేడెక్కుతుంది. వాళ్ళ నాన్న కుట్టినవీ అంతే, తాత కుట్టినవీ అంతే. అందుకని కొనేవాళ్ళే జాగ్రత్తపడేవారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఒకే తోలు చెప్పులు అడిగి మరీ కుట్టించుకునేవారు. అత్తాకోడళ్ళయితే వేరు వేరు తోళ్ళని రెండుసార్లు రూఢి చేసుకుని కాని డబ్బులిచ్చేవారు కాదు.

బాషా స్నేహితుడు శ్రీరామ్మూర్తి ఒక్కడే ఏ జాగ్రత్తా పడలేదు. అతను పోర్టులో క్రేను నడిపేవాడు. కంచరపాలెంలో కాపరం. పుట్టింది పెందుర్తి అవతల కొండ కింద పల్లెలో. అక్కడ అన్న తవిటయ్య ఇంకా వ్యవసాయం చేస్తున్నాడు. శ్రీరామ్మూర్తికి తండ్రినాటి జంట గొట్టాల తుపాకీ ఉంది, దానికి లైసెన్సు ఉంది, వారమంతా ఇనుపరాయి ఎత్తి ఓడల్లో పోసిన చేతులకి ఆదివారం అడివి కావాలి. బాషా జీను కోసం గేదె తోలు కోస్తుంటే, పక్కన మిగిలిన పొడుగాటి ముక్క చూసి తూటాల పట్టీ కుట్టమన్నాడు.

"బాగా ఆలోసించుకో బావ," అన్నాడు బాషా. "జీనూ పట్టీ ఒకే తోలయిపోతాయి. నీ సెమట నాకు తెలిసిపోద్ది. నా బరువు నీకు తెలుస్తాది."

"తెలిస్తే ఏటి? నీ కాడ నాకు దాపరికం ఏటున్నాది?"

"అలాగయితే ఒక్క మాట. పందికి ఎల్లినప్పుడు మాత్రం ఇది కట్టకు. నా జీను ఉండేది నా ఇంట్లో."

"అది నువ్వు సెప్పాలేటి," అన్నాడు శ్రీరామ్మూర్తి. ఆ రోజే నారాయణమ్మ చేత, అంటే భార్య చేత, ఒక గుడ్డసంచీ కుట్టించాడు. పందివేటకి తూటాలు ఆ సంచీలో. మిగతా వేటకి నడుముకి పట్టీ.

ఆ ఇద్దరి వేటలో ఒక పద్ధతి ఉంది. జంతువు ప్రాణం పోకముందే బాషా దాని దగ్గరికి చేరి, దేవుడి పేరు చెప్పి కత్తి పెట్టాలి. ప్రాణం పోయాక కోస్తే బాషా ఇంట్లో ఆ మాంసం వండరు, సందులో ఎవరూ ముట్టరు. అందుకని శ్రీరామ్మూర్తి ప్రాణం మిగిల్చి కొట్టడం నేర్చుకున్నాడు. అది నేర్చుకోడానికి అతనికి ఏళ్ళు పట్టింది. కుందేలుని పడగొట్టడం ఎవరైనా చేస్తారు, బాషా వచ్చేదాకా దానిలో ఊపిరి ఉంచడం మటుకు అతనికే చేతనయింది. తుపాకీ పట్టుకుని పొదల్లో అతను పైకి పాకుతుంటే, కింద దారిలో మోతీ మీద బాషా ఎదురు చూసేవాడు. జీను ఏ పక్క వెచ్చబడితే ఆ పక్కన శ్రీరామ్మూర్తి ఉన్నట్టు. తుపాకీ పేలగానే జీను ఒక్కసారి ఎగిరిపడేది. బాషా మడమలు తాకించీ తాకించకముందే మోతీ కదిలేది. ముళ్ళకంపలు, వాగులోని గుండ్రాళ్ళు, సీతాఫలం చెట్ల నీడలు అన్నీ వెనక్కి పోతుంటే, ఆ వెచ్చదనాన్ని పట్టుకుని అతను వెళ్ళేవాడు. ఎప్పుడూ ఆలస్యం కాలేదు. "ఉందా బావ, ఊపిరుందా?" అని అడుగుతూనే దూకేవాడు.

"నీకోసమే ఉంచినాను," అనేవాడు శ్రీరామ్మూర్తి.

సాయంత్రం వాగుగట్టున మాంసం పంచుకుని, చుట్ట కాల్చుకుని, ఎవరి దారిన వాళ్ళు ఇంటికి. లేళ్ళ మీద తుపాకీ ఎత్తకూడదని చట్టం వచ్చాక కుందేళ్ళూ కౌజుపిట్టలే మిగిలాయి. చాలా ఆదివారాలు ఏదీ దొరికేది కాదు. దొరక్కపోయినా వాళ్ళు వెళ్ళడం మానలేదు. నిజం చెప్పాలంటే దొరకని రోజులే బాషాకి ఎక్కువ ఇష్టం, పైకి అనేవాడు కాదు కాని.

తప్పు రంజాను నెలలో జరిగింది. వేరుశెనగ చేలో పందులు పడ్డాయని తవిటయ్య కబురు పంపాడు. డ్యూటీ దిగిన శ్రీరామ్మూర్తి పరుగున ఇంటికి వచ్చేసరికి గుడ్డసంచీని నారాయణమ్మ ఉతికి తీగ మీద ఆరేసి ఉంచింది. నీళ్ళు కారుతున్నాయి. తడిసంచీలో తూటాలు వేయలేడు. ఎదురుగా మేకుకి పట్టీ వేలాడుతోంది. బస్సు టైమయింది. అతను ఏమీ ఆలోచించలేదు. మనిషి తప్పు చేసేటప్పుడు ఎక్కువగా జరిగేది అదే.

ఆ వేళ మసీదుకి గంజి పంపే వంతు బాషాది. మదీనా బీ మధ్యాహ్నం నించీ పొయ్యి దగ్గరే నిలబడి గంజి కాచింది. జీను వెచ్చబడడం చూసి, శ్రీరామ్మూర్తి అన్నయ్య పట్టీ కట్టుకున్నాడు కాబోలు అనుకుని, చల్లారకుండా ఉంటుందని కుండ తెచ్చి జీను కింద పెట్టింది. ఎప్పుడూ పెట్టే చోటే. సాయంత్రం మసీదు బాంగు వినబడే వేళకి జీనులోంచి నెత్తురూ బురదా కారి కుండలో పడ్డాయి. నల్లటి గట్టి వెంట్రుకలు కూడా రెండు మూడు పడ్డాయి. అవి ఏ జంతువువో చెప్పడానికి ఎవరూ అక్కర్లేకపోయింది.

మసీదులో ఆ రోజు ఖర్జూరాలూ మంచినీళ్ళతోనే ఉపవాసం విడిచారు. ఎవరూ బాషాని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు శ్రీరామ్మూర్తి తనే వచ్చాడు. పట్టీ చింతపండు వేసి తోమినట్టున్నాడు, అందుకే జీను కూడా పొద్దుటినించి పుల్లపుల్లగా వాసన వేస్తోంది.

"తప్పయిపోనాది బావ. కడిగి తెచ్చినాను," అన్నాడు గుమ్మంలో నిలబడి.

"కడిగితే పోతాదేటి?" అన్నాడు బాషా. కుడుతున్న చెప్పు మీంచి తల ఎత్తలేదు. "నీకు పందీ ఒకటే, నా ఇల్లూ ఒకటే."

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. అంటున్నప్పుడే బాషాకి తెలిసింది, కాని అప్పటికే నోట్లోంచి వచ్చేసింది. శ్రీరామ్మూర్తి లోపలి వంటింటి వైపు చూశాడు. ఈ ఇంట్లో అతనికి మదీనా బీ ఎన్నిసార్లు అన్నం పెట్టిందో లెక్కలేదు.

"సరే బావ. ఇంక ఈ పట్టీ నా నడుముకి కట్టను," అని వెళ్ళిపోయాడు.

వానలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. ఆదివారాలు వచ్చేవి. బాషా ఉలవలకన్నా ముందే టీ తాగేసేవాడు. మదీనా బీకి దెప్పడానికి ఏమీ మిగల్లేదు. మోతీ పెళ్ళిళ్ళకి వెళ్ళి వచ్చేది, ఆదివారం పొద్దున్న మాత్రం పక్కసందులోంచి మెడ చాచి కొట్టులోకి చూసేది. జీను గోడకి వేలాడుతూ ఉండేది.

వేలాడుతున్న తోలు ఎండి బీటలు వారాలి. ఇది బీటలు వారలేదు. ప్రతి అమావాస్య మర్నాడూ జీను ఆముదంతో నిగనిగలాడుతూ కనబడేది.

"నూనె నువ్వు రాసినావా?" అని అడిగాడు బాషా ఒకసారి.

"నాను రాయలేదు," అంది మదీనా బీ. "కంచరపాలెంలో రాసినట్టున్నారు."

నాలుగు రోజులు పోయాక బాషా, ఎవరూ చూడకుండా మెత్తటి గుడ్డ తీసుకుని జీను అంచులన్నీ తుడిచాడు. అక్కడ కంచరపాలెంలో మేకుకున్న పట్టీ మీద దుమ్ము పోయి ఉంటుంది. నారాయణమ్మ చూసే ఉంటుంది.

"ఒక్కసారి ఎల్లి రాకూడదా?" అనేది మదీనా బీ.

"ముందు నాను ఎల్తే తప్పు నాదవుద్ది."

"తప్పు ఇద్దరిదీని. ఆయన ఒచ్చి సెప్పుకున్నాడు. నువ్వే సెప్పుకోలేదు."

అది నిజమని బాషాకి తెలుసు. తెలిసినా ఆ గుమ్మం దాటలేకపోయాడు. సైకిలు మీద మార్కెట్టు దగ్గర శ్రీరామ్మూర్తి లాంటి మనిషి కనబడితే నడిచేవాడల్లా ఆగిపోయేవాడు. దగ్గరికి వస్తే వేరే ఎవరో. ఈ జన్మకి ఇంతేనేమో, ఇలాగే ఇద్దరం ముసలాళ్ళమైపోతామేమో అని భయం వేసేది. ఆ భయం చెప్పుకోడానికి అతనికి ఉన్న స్నేహితుడు ఒక్కడే, వాడితో మాటల్లేవు.

వానలు వెనకబట్టిన ఒక ఆదివారం పొద్దున్న జీను వెచ్చబడింది. బాషా చెయ్యి పెట్టి చూశాడు. గడ్డివాసన, తడిమట్టి వాసన, దూరంగా ఎక్కడో పూసిన పూలవాసన.

"మళ్ళీ కట్టినాడు గావాల," అన్నాడు. గొంతులో సంతోషం దాగలేదు.

మదీనా బీ కూడా వచ్చి చెయ్యి పెట్టింది. "కట్టినట్టు లేదు. ఒక పక్కే ఎచ్చగున్నాది. సంకలో మోస్తన్నాడు."

కట్టనన్న మాట మీద ఉన్నాడు, అలాగని ఇంట్లో వదిలిపెట్టి అడివికి వెళ్ళలేకపోయాడు. బాషా పనిలో కూర్చున్నాడు కాని తోలు కుట్టే ఆరె ఎక్కడ గుచ్చుతున్నాడో తెలియలేదు. కాసేపటికి జీను ఎగిరిపడింది, వెంటనే మళ్ళీ ఎగిరిపడింది. రెండు గొట్టాలూ పేలాయన్నమాట. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

ఆ తర్వాత జీను ఊగడం మొదలుపెట్టింది.

గదిలో గాలి లేదు. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయి ఉంది. చెప్పుల కోసం వచ్చిన కనకరత్నం పమిటతో విసురుకుంటూ, "జీను ఊగుతన్నాది బాషన్నా," అని, "నా సెప్పు మడమ కాడ కరుస్తన్నాది, కాస్త సూడు," అంది. జీను మెల్లగా ఇటూ అటూ ఊగుతూనే ఉంది, చెట్టుకొమ్మకి కట్టిన ఉయ్యాల ఊగినట్టు.

బాషా లేచి నిలబడ్డాడు. శ్రీరామ్మూర్తి పట్టీని కొమ్మకి తగిలించాడు. అడివిలో వేటగాడు తూటాలని చేతికందకుండా ఎందుకు పెడతాడు? కింద పెట్టకూడనిది ఏదో కింద ఉంటేనే పెడతాడు. నేల మీద పంది నెత్తురు ఉంది. పంది చచ్చి, మనిషి బాగుంటే, ఈపాటికి లేచి పట్టీ తీసుకుని నడిచేవాడు. కనకరత్నం చెప్పు కరవడం గురించి చెప్పినంతసేపూ జీను ఊగుతూనే ఉంది. ఎవరూ దాన్ని తీయలేదు.

అతను వెనక్కి తిరిగేసరికి మదీనా బీ కళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"కత్తి?" అంది.

అలవాటుకొద్దీ తీసుకుని నడుంలో పెట్టుకున్నాడు.

మోతీకి వయసు మీదపడింది. ఇన్నాళ్ళూ బ్యాండు మేళం వెనక పెళ్ళినడక నడిచిన గుర్రం. కంచరపాలెం దాటేదాకా బస్సులకి బెదిరింది. గోపాలపట్నం దాటాక దానికి గుర్తొచ్చింది. వేపగుంట దగ్గర దువ్వాడ వైపు వెళ్ళే రాళ్ళలారీలు వరసగా నిలబడి ఉంటే, వాటి పక్కనించి చెవులు వెనక్కి పెట్టి దూసుకుపోయింది. బాషా కింద జీను ఇంకా ఊగుతోంది. గుర్రం పరుగు ఒక లయ, కొమ్మకి వేలాడే పట్టీ ఊపు ఇంకో లయ. రెండింటి మధ్య అతనికి తను నేల మీద లేనట్టుంది. రోడ్డు, తాడిచెట్లు, చెరువులో తామరాకులు, అన్నీ ఎప్పుడో జరిగిపోయిన ఆదివారాల్లోంచి వచ్చి పక్కన నిలబడుతున్నాయి. వాగుగట్టు మీద తమ ఇద్దరి చుట్టల నిప్పులు కనబడినట్టు కూడా అనిపించింది.

పెందుర్తి దాటి పల్లెలోకి రాగానే, చేలో ఉన్న తవిటయ్యని కేకేశాడు.

"మీ తమ్ముడెక్కడ?"

"తెల్లారే కొండెక్కినాడు. పంది కోసమని," అన్నాడు తవిటయ్య. బాషాని ఇన్నాళ్ళకి చూసి తెల్లబోయాడు.

"బండి కట్టుకుని వాగు కాడికి రా. బండిలో గడ్డి దండిగా పరుసు."

అక్కడినించి దారి లేదు, జీనే దారి. ఎడమపక్క వెచ్చబడితే ఎడమకి తిప్పాడు. వాగు దాటాక రెండు పక్కలా ఒకేలా వెచ్చబడింది, అంటే ఎదురుగా. ముళ్ళు అతని లాల్చీ చింపాయి. మోతీ నోట్లోంచి నురగ కారుతోంది. "ఇంకొంచెం, అమ్మా," అంటున్నాడు బాషా దాని మెడ మీద వాలి. ఊపిరి ఉండగా చేరాలి. అతను జీవితమంతా చేసిన పని అదే. ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ఈ ఒక్కసారి ఆలస్యమైతే మిగతా ఆదివారాలన్నీ దేనికి?

ముందు కొమ్మ కనబడింది. దానికి పట్టీ. తెల్లటి తువ్వాల్లో చుట్టి తెచ్చినది కాబోలు, ఒక్క మరక లేదు, ఆముదం మెరుపుతో ఎండలో ఊగుతోంది. చెట్టు మొదట్లో తుపాకీ. దాని గొట్టంతోనే పట్టీని పైకెత్తి కొమ్మకి తగిలించినట్టున్నాడు. పక్కన కొండంత పంది చచ్చి పడి ఉంది. దాని పక్కన శ్రీరామ్మూర్తి, చెట్టుకి చేరగిలబడి, తువ్వాలు తొడకి అదిమిపెట్టుకుని. తువ్వాలు తెలుపు ఎక్కడా కనబడడం లేదు.

బాషా ఎప్పటిలాగే గుర్రం ఆగకముందే దూకాడు. కత్తి చేతిలోకి వచ్చేసింది. పెదాల మీదికి దేవుడి పేరు వచ్చేసింది. తన చేతిలో కత్తి చూసి తనే ఉలిక్కిపడి, దాన్ని దూరంగా గడ్డిలోకి విసిరేశాడు. దేవుడి పేరు మాత్రం పెదాల మీదే ఉంచుకున్నాడు.

"ఉందా బావ?" అన్నాడు.

శ్రీరామ్మూర్తి కళ్ళు తెరిచాడు. "నీకోసమే ఉంచినాను," అన్నాడు. గాలిలాంటి గొంతు.

తొడ మీద పంది కోర లోతుగా దిగింది. నెత్తురు ఇంకా ఊరుతోంది. పైన గట్టిగా బిగించి కట్టాలి. బాషా లేచి కొమ్మకున్న పట్టీ అందుకున్నాడు. శ్రీరామ్మూర్తి ఒక చెయ్యి ఎత్తబోయాడు, ఎత్తలేకపోయాడు.

"అది వొద్దు బావ. ఈ నేలంతా పంది నెత్తురే. దానికి అయిపోద్ది. మీ ఇంట్లో..."

"అవనీ," అన్నాడు బాషా.

తూటాలు దులిపేసి, పట్టీని ఆ నెత్తుట్లోంచే తొడ కిందికి దూర్చి, మోకాలు ఆన్చి బిగించాడు. తను కుట్టిన కుట్టు ఎంత లాగినా తెగదని అతనికి తెలుసు. వెనకాల మోతీ వీపు మీద జీను ఎర్రబడింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు.

"ఆ వేళ నాను అనకూడని మాట అన్నాను," అన్నాడు ముడి వేస్తూ. "సెప్పుకోడానికి రాలేకపోనాను."

"అమావాస్య అమావాస్యకీ నూనె రాయించినాను గదా," అన్నాడు శ్రీరామ్మూర్తి. "తెలీలేదేటి?"

"తెలిసింది."

ఆ మాట అంటుంటే బాషాకి ఏడుపు వచ్చింది. దాచుకోలేదు, అక్కడ చూసేది మోతీ ఒక్కటే. స్నేహితుణ్ణి జీను మీదికి ఎక్కించి, ఒక చేత్తో కళ్ళెం, ఒక చేత్తో అతని నడుం పట్టుకుని వాగు దాకా నడిచాడు. మోతీ పెళ్ళినడక నడిచింది, ఒక్క కుదుపు లేకుండా. వాగు దగ్గర తవిటయ్య గడ్డి పరిచిన బండితో నిలబడి ఉన్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరు, ఆ పట్టీ ఎవరు కట్టారో గాని కాలూ మనిషీ దక్కారన్నాడు. కాలు దక్కింది కాని సరిగా వంగలేదు. కొండ ఎక్కే కాలు కాదది. శ్రీరామ్మూర్తి తుపాకీ పోలీసు స్టేషన్లో అప్పగించేశాడు. క్రేను మీంచి దింపి, పోర్టు గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. నడుస్తుంటే నడుం ఒక పక్కకి ఒరిగిపోకుండా, చొక్కా కింద ఆ పట్టీ కట్టుకునేవాడు. తూటాల అరలు ఖాళీ. ఒకదాన్లో చుట్టలు పెట్టుకునేవాడు.

అప్పటినించి బాషా ఇంట్లో జీను రోజూ పొద్దుటినించి సాయంత్రందాకా వెచ్చగానే ఉండేది, కాస్త చుట్టవాసనతో. దాని మీద అరచెయ్యంత మరక ఉండిపోయింది. అందులో ఎంత పందిదో ఎంత మనిషిదో ఎవరూ చెప్పలేరు. మదీనా బీ ఎంత తోమినా నల్లగా అలాగే ఉంది.

మళ్ళీ రంజాను వచ్చింది. మసీదుకి గంజి పంపే వంతు, ఆ కుండ పాడైన తర్వాత మొదటిసారి, బాషాకి వచ్చింది. మధ్యాహ్నం గంజి కాచి, చల్లారకుండా ఉంటుందని మదీనా బీ కుండని ఎత్తుకొచ్చి, తిన్నగా జీను కింద పెట్టింది. చెప్పుల కోసం వచ్చిన కనకరత్నం కుండ వైపు చూసింది, పైన మరక వైపు చూసింది, బాషా వైపు చూసింది.

బాషా కుట్టుకుంటున్న చెప్పు మీంచి తల ఎత్తాడు.

"కడిగినాం గదా," అన్నాడు. "పోనాది."